మూడుకాళ్ల అతుకులు

పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు పేర్చాలో ఎవరికీ ఎవరూ పాఠం చెప్పలేదు. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు రాళ్ల మీద కుండ కదలకుండా కూర్చుంటుంది. నాలుగో రాయి చేర్చామా, ఏదో ఒక రాయికి కుండ ఆనదు, ఇక ఊగిసలాట మొదలు. మూడు బిందువుల గుండా ఎప్పుడైనా ఒక తలం గీయవచ్చు, నాలుగో బిందువు కూడా ఆ తలంలోనే పడుతుందన్న హామీ లేదు; రేఖాగణితం చెప్పేది ఇంతే. కెమెరా కింద మూడు కాళ్లు పెట్టడానికీ ఇదే కారణం. కానీ ఈ సుఖం ఊరికే రాలేదు. నాలుగు కోళ్ల మంచంలో ఒక కోడు విరిగితే పడుకున్న మనిషి లేచి, నాలుగు ఇటుకలు పేర్చుకునే వ్యవధి ఉంటుంది. మూడు కాళ్లలో ఒకటి జారితే మిగిలిన రెండూ చేయగలిగిందేమీ లేదు. పైనున్న కెమెరా నేలకు చేరడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ట్రైపాడ్ ఎలా నిలబడుతుందో పొయ్యిరాళ్లు చెప్పేశాయి. ఎలా పడిపోతుందో చూడటమే ఈ అధ్యాయం పని. అందులోనూ, పడిపోకూడదనే బోలెడు డబ్బు పోసి కొన్నది ఎందుకు పడిపోతుందన్నది.

ఖరీదైన ట్రైపాడ్ అంటే ఈనాడు దాదాపు కార్బన్ ఫైబర్ ట్రైపాడే. 1917లో ఫ్రాన్సులో ఆర్సెన్ గిట్జ్‌హోవెన్ మొదలుపెట్టిన గిట్జో కంపెనీ 1994లో కార్బన్ ఫైబర్ కాళ్ల ట్రైపాడ్ తెచ్చింది. అప్పటిదాకా వృత్తి ఫొటోగ్రాఫర్లు భుజాన మోసింది అల్యూమినియాన్నో, చెక్కనో. కార్బన్ గొట్టాన్ని తయారుచేసే తీరు ఇది: తల వెంట్రుకలో పదో వంతు మందం, అంటే 5 నుంచి 7 మైక్రాన్లు ఉండే పోగులను ఎపాక్సీ రెజిన్‌లో తడిపి, పొర మీద పొరగా చుట్టి, వేడిమీద గట్టిపరుస్తారు. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.6 గ్రాములు, అల్యూమినియానిది 2.7. వంగకుండా నిలిచే గుణంలో మాత్రం అల్యూమినియానికి తీసిపోదు, పోగుల్లో ఎక్కువ భాగాన్ని నిలువుగా పేరిస్తే మించిపోతుంది కూడా. పైగా గాలికో, షట్టర్ దెబ్బకో పుట్టిన కంపనం అందులో త్వరగా అణగిపోతుంది. కొండ ఎక్కేవాళ్లకీ, పొద్దున్నుంచి రాత్రిదాకా పెళ్లి మండపంలో తిరిగేవాళ్లకీ ఈ తేడా భుజానికి తెలుస్తుంది. కాబట్టి పోసిన డబ్బుకు రెండు సరుకులు నికరంగా దక్కాయి: తేలికదనం, బిగువు. కొన్నవారు మాత్రం మూడోది కూడా కొన్నామనే అనుకుంటారు, మన్నిక అని. అది బిల్లులో ఉండదు.

ప్రతి ట్రైపాడ్ పెట్టె మీదా ఇన్ని కిలోలు మోస్తుందని ఒక అంకె ఉంటుంది. 8, 15, 25. అంకెతో పాటు ధరా పెరుగుతుంది. దీన్ని అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో కొలవవు గనక ఒకరి 15ని ఇంకొకరి 15తో పోల్చడం కుదరదు. అది అలా ఉంచి, అసలు కాలు ఎంత మోయగలదో మనమే లెక్క కట్టి చూద్దాం. అన్నిటికన్నా అడుగున ఉండే సన్న గొట్టాన్ని తీసుకోండి: బయటి వ్యాసం 20 మిల్లీమీటర్లు, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరు, పొడవు 40 సెంటీమీటర్లు. నిలువుగా నొక్కినప్పుడు సన్నని కడ్డీ ఏ బరువు దగ్గర విల్లులా వంగిపోతుందో చెప్పే సూత్రం 1744లోనే లియొనార్డ్ ఆయిలర్ ఇచ్చిపోయాడు. కార్బన్‌ను తక్కువ చేసి, అల్యూమినియంతో సమానమనే అనుకుని లెక్కవేసినా ఈ గొట్టం ఒకటిన్నర టన్నుల దాకా లొంగదు. కాలు మొత్తం చాచి ఒకటిన్నర మీటర్లు చేసి, పైనుంచి కిందిదాకా అదంతా ఇంత సన్నగానే ఉందనుకున్నా 100 కిలోలకు పైమాటే. పక్షుల ఫొటోలు తీసే పెద్ద లెన్సూ, కెమెరా, దాన్ని పట్టుకునే హెడ్డూ కలిపితే 6 కిలోలు దాటడం అరుదు. అదైనా మూడు కాళ్లూ పంచుకునే బరువు. అంటే పెట్టె మీది అంకె ఎవరి ట్రైపాడూ చావని జబ్బుకు మందు.

మరి చచ్చేది దేనితో? కాలి పైకొసన, గొట్టం ఆగిపోయి లోహం మొదలయ్యే చోటికి రండి. కార్బన్ గొట్టానికి నేరుగా మర కోయలేరు, కోస్తే పోగులు తెగిపోతాయి. వెల్డింగు మాట అసలే లేదు. అందుకని టోపీ లాంటి అల్యూమినియం ముక్క చేసి, గొట్టం కొసను అందులో దూర్చి, మధ్యన ఎపాక్సీ జిగురు పట్టిస్తారు. పైన కీలు దగ్గర అలాంటిది ఒకటి, కింద లాకు మర కూర్చోవడానికి గొట్టం కొసన ఇంకొకటి. ఈ అతుకు బలం కూడా లెక్క కట్టవచ్చు. గొట్టం వ్యాసం 28 మిల్లీమీటర్లు, టోపీలోకి దూరిన లోతు 20 మిల్లీమీటర్లు అనుకుంటే జిగురు పట్టిన వైశాల్యం సుమారు 1,750 చదరపు మిల్లీమీటర్లు. సరిగ్గా పట్టిన మంచి ఎపాక్సీ ఒక్కో చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల లాగుడును జారకుండా ఓర్చుకుంటుంది. మొత్తం 35,000 న్యూటన్లు. అంటే మూడున్నర టన్నులు. కాగితం మీద ఆ అతుక్కి ఏనుగును వేలాడగట్టవచ్చు. అదే అతుకు కొన్నేళ్ల వాడకం తరవాత ఒకనాడు సంచిలోంచి తీస్తుంటే చేతిలోకి ఊడి వస్తుంది. ఖరీదైన కార్బన్ ట్రైపాడ్ల మీద వినిపించే ఫిర్యాదుల్లో ఇది పాతదే: గొట్టం మీద గీత లేదు, టోపీకి సొట్ట లేదు, రెండూ విడిపోయాయి అంతే.

ఊడిన చోటును వెలుతురులో తిప్పి చూస్తే జరిగినదేమిటో కొంత అర్థమవుతుంది. తరచు జిగురంతా గొట్టం వైపే అంటిపెట్టుకుని ఉంటుంది, అల్యూమినియం వైపు నున్నగా బోసిగా కనిపిస్తుంది. జిగురు మధ్యలో తెగలేదన్న మాట, లోహం మీద పట్టు వదిలేసింది. అల్యూమినియానికి జిగురు అంటదు, దాని మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొరకు అంటుతుంది. ఆ పొరను రసాయనాలతో శుద్ధిచేసి, నూనె మరక లేకుండా, తేమ చేరకుండా అతికిస్తే పట్టు దశాబ్దాలు నిలుస్తుంది. శుద్ధి అరకొరగా జరిగితే మొదటి రోజు బలంలో తేడా కనిపించదు. కంపెనీలో లాగి చూసినా గట్టిగానే ఉంటుంది. తరవాత తేమ అంచుల నుంచి కాస్త కాస్తగా దూరి ఆక్సైడ్‌ను హైడ్రాక్సైడ్‌గా మారుస్తుంది, బలం లేని ఆ పొర మీద జిగురు ఇంకా గట్టిగానే నిలబడి ఉంటుంది, కింద నేలే ఉండదు. ఇది ట్రైపాడ్లకే వచ్చిన కష్టం కాదు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద 24,000 అడుగుల ఎత్తున అలోహా ఎయిర్‌లైన్స్ 243వ నంబరు విమానానికి ముందు భాగం పైకప్పు ఊడి ఎగిరిపోయింది. సిబ్బందిలో ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు, పైలట్లు మిగతావారిని నేలకు దించగలిగారు. అది 19 ఏళ్ల నాటి బోయింగ్ 737, 89,000 సార్లకు పైగా ఎగిరి దిగింది. దర్యాప్తులో తేలినది ఇదీ: అల్యూమినియం రేకుల అతుకుల్లో జిగురు పట్టు తప్పింది, అది మోయాల్సిన బరువు రివెట్ల మీద పడింది, రివెట్ల రంధ్రాల అంచుల్లో పగుళ్లు పెరిగి ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. విమానాల కంపెనీకే తలనొప్పి తెచ్చిన అతుకు, ట్రైపాడ్ల కంపెనీకి సులువుగా లొంగుతుందని ఎలా అనుకుంటాం?

తేమతో ఉప్పు కలిస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. సముద్రపు ఒడ్డున సూర్యోదయం కోసం అలల్లో నిలబెట్టిన ట్రైపాడ్‌ను ఊహించండి, విశాఖ రామకృష్ణా బీచే అనుకోండి. అడుగు లాకులోకి ఒక చెంచాడు నీరు దూరింది. ఇంటికి వచ్చి తుడిచి మూలన పెట్టారు, బయట ఆరిపోయింది. లోపల ఆ చెంచాడు నీటిలోంచి సుమారు 0.15 గ్రాముల ఉప్పు మిగిలింది. ఆరిన ఉప్పు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. వానాకాలంలో వంటింట్లో రాళ్లుప్పు జాడీ చెమర్చడం చూసినవారికి ఆ భరోసా ఉండకూడదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే ఆ తేమను లాక్కుని నీరుకారుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. కోస్తాలో రాత్రిపూట తేమ 75 శాతం దాటడం వింతేమీ కాదు. అంటే ఆ ట్రైపాడ్ మూలన నిలబడి ఉన్నా లోపల రాత్రి రాత్రీ తడుస్తూనే ఉంది, అదీ ఉప్పునీటితో. ఆ ఉప్పునీటికి ఒకవైపు కార్బన్, మరోవైపు అల్యూమినియం. రెండు వేర్వేరు విద్యుద్వాహకాలు, మధ్యన ఉప్పు ద్రావణం: స్కూల్లో చేసిన బ్యాటరీ ఇదే కదా. ఉప్పునీటిలో ఈ జంట మధ్య తేడా ఇంచుమించు ఒక వోల్టు. టార్చిలైటులోని జింకు డబ్బా కరిగినట్టే ఇక్కడ అల్యూమినియం కరుగుతుంది. కార్బన్‌కు ఏమీ కాదు.

కరిగిన అల్యూమినియం అంతర్ధానమైపోదు. తెల్లని పొడిగా, అంటే అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా అక్కడే పేరుకుంటుంది. సముద్రం దగ్గర వాడిన ట్రైపాడ్ లాకు విప్పితే మరల సందుల్లో సున్నం పట్టినట్టు కనిపించేది అదే. దాని అసలు అపకారం రంగులో లేదు, పరిమాణంలో ఉంది. తను పుట్టిన లోహం కన్నా అది మూడింతలు చోటు ఆక్రమిస్తుంది. గొట్టానికీ టోపీకీ మధ్య చోటు మిల్లీమీటరులో పదో వంతో, రెండు వంతులో. అక్కడ పొడి ఊరుతూ ఉంటే గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కలా లోపలి నుంచే తోసుకొస్తుంది, జిగురును అంచుల దగ్గర లేపుతుంది, లేచిన సందులోకి మళ్లీ తేమ. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా ప్రతిమకు జరిగినదీ ఇలాంటిదే. 1886లో నిలబెట్టిన ఆ విగ్రహానికి పైచర్మం రాగి, లోపలి ఊచలు ఇనుము. రెండూ తగిలితే ప్రమాదమని కట్టినవారికి తెలుసు, అందుకే మధ్యన లక్కలో తడిపిన ఆస్బెస్టాస్ పెట్టారు. కాలక్రమంలో ఆ అడ్డుగోడ చివికిపోయింది, ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, రాగి రేకుకు ఊచలను పట్టి ఉంచిన రివెట్లు ఊడివచ్చాయి. 1986 శతజయంతికి ముందు ఇనుప ఊచలను తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వెయ్యాల్సి వచ్చింది. ఈ కాలపు విమానాల్లో కార్బన్‌కూ అల్యూమినియానికీ మధ్య గాజు పోగుల పొర పరుస్తారు, కార్బన్‌లో దిగే బోల్టులను టైటానియంతో చేస్తారు. బరువూ ఖర్చూ పెరిగినా ఆ తగువు పెట్టుకోరు. ట్రైపాడ్‌లో ఆ అడ్డుగోడ పని కూడా జిగురే చెయ్యాలి. అతికించేదీ అదే, విడదీసి ఉంచేదీ అదే. ఒక్కదాని మీద రెండు బాధ్యతలు.

ఉప్పు సంగతి సముద్రానికి దూరంగా ఉన్నవారికి అక్కర్లేకపోవచ్చు, ఎండ సంగతి మాత్రం అందరిదీ. మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది; అద్దాలు మూసిన కారులో, నల్లటి సంచిలో, నల్లటి గొట్టం ఇంకో 20 డిగ్రీలు ఎక్కడం కష్టమేమీ కాదు. వేడికి అల్యూమినియం ప్రతి డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు పెరుగుతుంది. కార్బన్ గొట్టం పెరుగుదల దాని ముందు లెక్కలోకి రాదు. 30 మిల్లీమీటర్ల టోపీ 40 డిగ్రీలు వేడెక్కితే వ్యాసంలో 28 మైక్రాన్లు విచ్చుకుంటుంది. వెంట్రుకలో సగం కూడా లేదు, కానీ మధ్యనున్న జిగురు పొర కూడా పలచనిదే. పైగా గది వేడిమిలో గట్టిపడే ఎపాక్సీల్లో చాలావాటికి 50, 70 డిగ్రీల మధ్య ఒక మెత్తబడే హద్దు ఉంటుంది. అది దాటితే గాజులా ఉన్నది తోలులా మారుతుంది. బయటి టోపీ విచ్చుకుంటున్న వేళకే లోపలి జిగురు మెత్తబడిందన్న మాట. రాత్రి చల్లబడితే అన్నీ వెనక్కి వస్తాయి. మర్నాడు మళ్లీ. జిగురుకు జారుడు లాగుడు ఎంత ఓర్పో, అంచు నుంచి ఒలిచే లాగుడుకు అంత అలుసు. గోడ మీది పోస్టరును పట్టి కిందికి లాగితే రాదు, మూల పట్టి ఒలిస్తే వచ్చేస్తుంది. మన లెక్కలోని మూడున్నర టన్నులు కిందికి లాగే లాగుడివి. కాలును బలంగా పక్కకు విరిచి చాపినప్పుడూ, ట్రైపాడ్ పక్కకు పడినప్పుడూ, ఎండకు టోపీ విచ్చుకున్నప్పుడూ అతుకు అంచున పడేది ఒలిచే లాగుడు.

ఇక లాకులు. ఖరీదైన ట్రైపాడ్లలో ఎక్కువగా ఉండేది తిప్పి బిగించే ట్విస్ట్ లాకు. రబ్బరు తొడిగిన కాలరును పూర్తిగా విప్పి కింది గొట్టాన్ని బయటికి లాగితే, దాని పైకొసన చేతిగాజు ముక్కల్లా రెండు అర్ధచంద్రాల ప్లాస్టిక్ తొడుగులు కనిపిస్తాయి. ఒక్కో దాని లోపలి వైపు చిన్న బొడిపె ఉంటుంది, అది గొట్టానికి వేసిన రంధ్రంలో కూర్చుంటుంది. వాటి కింద ఒకవైపు సన్నగిల్లిన ప్లాస్టిక్ ఉంగరం. కాలరు తిప్పినకొద్దీ ఈ ఉంగరం గొట్టాల మధ్య సందులోకి చీలలా దిగి, నొక్కుకుని పట్టేస్తుంది. లక్ష రూపాయల వస్తువు నిటారుగా నిలబడేది ఈ ప్లాస్టిక్ బద్దల రాపిడి మీదే. ఇసుకలో వాడి కడగకుండా బిగిస్తే కరకరమనే శబ్దం వస్తుంది కదా, అది మెత్తని దాన్ని గట్టిది తింటున్న శబ్దం. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7, అల్యూమినియానిది 3 లోపే. మర మీది ఆనోడైజింగు పొర గట్టిదే గానీ మైక్రాన్లలో కొలిచేంత పలచన; ఒకచోట తెగితే ఆ తెగిన పొడి కూడా ఆకురాయి పనే చేస్తుంది. మర వదులయ్యేకొద్దీ మనిషి ఇంకా బలంగా తిప్పుతాడు, తిప్పేకొద్దీ మర ఇంకా అరుగుతుంది. ఫ్లిప్ లాకు, అంటే మీట తిప్పి మూసేది, ఈ విషయంలో నయం. ఇసుకను అంతగా దాచుకోదు, బోల్టు బిగిస్తే పట్టు మళ్లీ వస్తుంది. బరువు తగిలితే మీట విరగడం దాని లోపం.

ఇప్పుడు అతుకులన్నీ లెక్కపెట్టండి. నాలుగు గొట్టాల కాలికి మూడు లాకులు, పైన ఒక కీలు, కింద ఒక పాదం, జిగురు పెట్టిన టోపీలు మూడు నాలుగు. ఒక్కో కాలికి ఎనిమిదనుకున్నా మూడు కాళ్లకు 24. కేవలం లెక్క కోసం, పదేళ్లలో ఒక్కో అతుకు నిలిచే అవకాశం నూటికి 99 అనుకుందాం. ఏ ఒక్కటి పోయినా ట్రైపాడ్ పోయినట్టే గనక 99 శాతాన్ని 24 సార్లు హెచ్చవేయాలి. వచ్చేది 79 శాతం లోపే. ఒక్కో అతుకు పనివాడూ నూటికి ఒక్క తప్పే చేశాడు, మొత్తం వస్తువు అయిదింట ఒకటి చెడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలో ఎగిరే బాంబుల మీద పనిచేసిన రాబర్ట్ లుస్సర్ పేరు ఈ హెచ్చవేత సూత్రానికి నిలిచిపోయింది. గొలుసు బలం దాని బలహీనమైన కొలికి బలమని మాత్రమే అనుకుంటే సరిపోదు. కొలికిలన్నీ మంచివే అయినా, వాటి సంఖ్యే ఒక బలహీనత. సంచిలో ఇమిడేలా పొట్టిగా మడిచే ట్రైపాడ్‌కు అయిదేసి గొట్టాలు ఉంటాయి, ధరా ఎక్కువే. అక్కడ ఎక్కువ డబ్బుకు ఎక్కువ అతుకులు కొంటున్నాం.

అతుకులు ఊడుతున్నాయన్న ఫిర్యాదుకు మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే వస్తుంది: తప్పు వాడేవాడిది. ఉప్పునీటిలో పెడితే మంచినీటితో కడగమని, విప్పి తుడిచి ఆరబెట్టమని, ఎండలో వదలవద్దని కాగితంలో రాసే ఉంటుంది. అందులో నిజం ఉంది. కడిగిన ట్రైపాడ్‌కూ కడగనిదానికీ ఆయుష్షులో తేడా చాలా ఉంటుంది. కానీ ఇదే వస్తువును అమ్మేటప్పుడు చూపించే బొమ్మలు ఎలాంటివి? అలలు, జలపాతాలు, మంచు, బురద. ఆ బొమ్మల కోసమే తేలికైనదానికి ఎక్కువ డబ్బు పెట్టినవారికి, నీళ్లు తగిలితే చెడిందనడం గొడుగు అమ్మి వానలో వాడారెందుకని అడిగినట్టుంటుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. లాకును విప్పి కడగవచ్చు, జిగురు అతుకును ఎవరూ విప్పి కడగలేరు. వాడేవాడి చెయ్యి చేరని చోట జరిగే చెడుకు వాడేవాడి శ్రద్ధను కొలమానం చెయ్యడం న్యాయం కాదు.

రెండో ఆక్షేపణ మరింత బరువైనది. చవక ట్రైపాడ్లు ఇంతకన్నా త్వరగా, ఇంతకన్నా అన్యాయంగా విరుగుతాయి కదా, వాటి పోత ముక్కలు పిండిబెల్లంలా పగులుతాయి కదా అని. అవును. ఖరీదైనదానిలో కీలు ముక్కను గట్టి అల్యూమినియం దిమ్మ నుంచి చెక్కుతారు, చవకదానిలో ప్లాస్టిక్కో, గాలి బుడగలు చిక్కుకున్న పోత లోహమో ఉంటుంది. ఆ ముక్క దగ్గర డబ్బు నిజంగా పనిచేసింది. అయితే గమనించండి, అన్ని డబ్బులూ మంచి ముక్కలకే వెళ్లాయి, ముక్కల మధ్య సరిహద్దుకు వెళ్లాల్సినంత వెళ్లిందా అన్నదే ప్రశ్న. పైగా పూర్తిగా అల్యూమినియంతో చేసిన మధ్యరకం ట్రైపాడ్‌లో ఆ సరిహద్దులు కొన్ని అసలే ఉండవు. గొట్టమూ టోపీ ఒకే లోహం, ఒకే రేటున పెరిగి తరుగుతాయి, ఉప్పునీటిలో వాటి మధ్య బ్యాటరీ పుట్టదు. బరువులో ఓడిపోయిన ఆ స్టాండు వయసులో గెలవడానికి ఇది ఒక కారణం. కార్బన్ గొట్టానికి ఇంకో గుణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం: అల్యూమినియం గొట్టం రాయికి తగిలితే సొట్ట పడి ఊరుకుంటుంది, కార్బన్ గొట్టంలో పైకి ఏమీ కనబడకుండా లోపల పొరలు విడిపోవచ్చు. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు, నాణెంతో వరసగా తడుతూ పోతే విడిపోయిన చోట చప్పుడు బొంగురుగా మారుతుంది. విమానాల రెక్కలను పరీక్షించే పాత పద్ధతుల్లో ఇదీ ఒకటి.

అయితే చెక్కకే తిరిగి వెళ్దామా? వెళ్లినవారు ఉన్నారు. జర్మనీలో సాక్సనీ ప్రాంతపు ముల్డాలో బెర్లెబాఖ్ అనే సంస్థ 1898 నుంచి చెక్క ట్రైపాడ్లు చేస్తోంది, యాష్ కలపతో, ఇప్పటికీ. భూమి కొలిచే సర్వేయర్లు కూడా చెక్క కాళ్లను పూర్తిగా వదల్లేదు. కలప కంపనాన్ని బాగా మింగుతుంది, ఎండకు అంతగా పొడవు మారదు. తేమకు ఉబ్బుతుంది, బరువు ఎక్కువ, మడిస్తే పొట్టి కాదు. విమానంలో తీసుకెళ్లేవారు దాని జోలికి వెళ్లరు. నన్ను ఆకర్షించేది కలప కాదు, అందులోని బోల్టులు. చెక్క ట్రైపాడ్‌లో ప్రతి అతుకూ బోల్టుతోనో మరతోనో బిగించినదే. పానా ఒకటుంటే మొత్తం విప్పి బల్ల మీద పరచవచ్చు. అరిగిన వాషరు తీసి కొత్తది వేస్తే పనైపోయింది.

భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేలో దీనికి ఒక పాత దృష్టాంతం ఉంది. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదకి ఆ సర్వే నడిపిన విలియం లాంబ్టన్ కోణాలు కొలిచే తన థియోడలైట్‌ను ఎక్కిస్తున్నాడు. అర టన్ను బరువున్న పరికరం అది. తాడు తెగింది, పరికరం వెళ్లి గోడకు కొట్టుకుంది, సూక్ష్మంగా విభజించిన వలయం వంకరపోయింది. ఇంగ్లండు నుంచి తెప్పించిన అంత ఖరీదైన యంత్రానికి ముప్పు తెచ్చింది తాడు. లాంబ్టన్ దాన్ని తిరుచిరాపల్లికి తీసుకెళ్లి, విప్పి, ఆరు వారాలపాటు కూర్చుని మళ్లీ పనికొచ్చేట్టు చేసుకున్నాడు. విప్పగలిగిన పరికరం కాబట్టి బతికింది.

ఇక్కడికి వచ్చాక అతుకు మీద మన అభిప్రాయం కొంచెం మార్చుకోవాలి. ఇంట్లో ఫ్యూజు ఎందుకు పెడతారు? ఎక్కడో ఒకచోట తెగక తప్పనప్పుడు, చవకగా, చేతికి అందే చోట తెగాలని. గొట్టం విరిగితే కాలు పోయినట్టే. లాకు జారితే, జిగురు వదిలితే, కాలు మళ్లీ నిలబడగలదు. అంచేత ముందు అతుకే చెడటం ఒక రకంగా మంచి ఏర్పాటు, ఆ అతుకును విప్పే వీలూ, లోపలి ప్లాస్టిక్ బద్దలు విడిగా దొరికే వీలూ ఉంటే. కొన్ని కంపెనీలు పదీ పదిహేనేళ్ల కిందటి మోడళ్లకు కూడా ఆ తొడుగులు అమ్ముతాయి. కొన్నింటి దగ్గర మోడల్ ఆగిపోగానే ఆ చిన్న ముక్కా ఆగిపోతుంది, కొత్త ట్రైపాడ్ కొనుక్కోమనడమే జవాబు. వస్తువును బాగుచేసుకునే హక్కు కోసం భారత ప్రభుత్వం 2022లో వేసిన సంఘం దృష్టి పెట్టినది నాలుగు రంగాల మీద: వ్యవసాయ పరికరాలు, ఫోన్లూ ఎలక్ట్రానిక్ సరుకులూ, గృహోపకరణాలు, వాహనాలు. కెమెరా స్టాండుకు అందులో చోటు దక్కే సూచన లేదు, దక్కాలని కోరడం కూడా అత్యాశే. కానీ కొనేవారు దుకాణంలో అడగగల ప్రశ్న మాత్రం ఇదే: ఎన్ని కిలోలు మోస్తుందని అడిగే బదులు, లాకులోని తొడుగు విడిగా ఎంతకు దొరుకుతుంది, జిగురు ఊడితే మీరు అతికిస్తారా, కాలు మొత్తం మార్చాలంటారా.

ఇంట్లో ఉన్న ట్రైపాడ్‌కు ఒక చిన్న పరీక్ష ఉంది. విమానాల మెకానిక్కులు బిగించిన బోల్టు మీద రంగు గీత ఒకటి గీస్తారు, బోల్టు తలమీద మొదలై పక్క లోహం మీదకి సాగేలా. బోల్టు వదులై తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది, పానా పెట్టి చూడక్కర్లేదు. తెల్ల పెయింటు పెన్నుతో అదే పని ట్రైపాడ్‌కూ చెయ్యవచ్చు: గొట్టం మీద మొదలుపెట్టి అల్యూమినియం టోపీ మీదకి ఒక వేలెడు గీత, మూడు కాళ్లకూ. ఏడాదికి ఒకసారి, వేసవి అయ్యాక, లాకులు బిగించి గొట్టాన్ని రెండు చేతులతో మెలితిప్పి ఆ గీతలను చూడాలి. ఏ కాలి గీత అయినా టోపీ అంచు దగ్గర మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే జిగురు అప్పటికే పోయింది. కాలు ఇంకా నిలబడి ఉన్నది, టోపీలో బిగుతుగా ఇరుక్కుని ఉన్నందువల్ల.